పగ్ క్రాస్ కుక్కకి గురక, కంటి తడి, ఆయాసం – ఎండాకాలం లోపు ఏం చేయాలి? (చెన్నై, బెంగళూరు)

జున్నువాళ్లమ్మ · వేళచ్చేరి, చెన్నై

నమస్కారం అండీ. మా జున్నుకి రెండేళ్లు నిండాయి. తల్లి పగ్, తండ్రి వీధి కుక్క అని ఇచ్చినవాళ్లు చెప్పారు. ముక్కు పగ్ అంత లోపలికి లేదు, అలాగని మామూలు కుక్కలా సాగీ లేదు. కాళ్లు పొడుగు. తోక సగం చుట్టుకుని ఉంటుంది. ఇప్పుడు 11 కిలోలు.

చిన్నప్పట్నుంచీ గురక పెడుతుంది. చూసినవాళ్లంతా ఎంత ముద్దుగా ఉందో అనేవాళ్లు. ఈ మధ్య కొన్ని మార్పులు కనిపిస్తున్నాయి. రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచి కూర్చుంటోంది. గడ్డం దిండు అంచు మీద ఎత్తుగా పెట్టుకునో, రబ్బరు బొమ్మ నోట్లో పెట్టుకునో పడుకుంటోంది. తిన్న కాసేపటికి అన్నం అలాగే తెల్లటి నురగతో బయటికి వచ్చేస్తోంది. ఎడమ కంటి మూల ఎప్పుడూ తడే, కింద గోధుమరంగు చారిక. మార్చి సగం కూడా కాలేదు, సాయంత్రం నడకకి తీసుకెళ్తే వీధి మలుపు దాటకముందే కూలబడుతోంది.

దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే, మిక్స్ కుక్కలకి పగ్గుల జబ్బులు రావు, బరువు తగ్గించండి చాలు అన్నారు. నిజంగా రావా? నాకు మనసొప్పడం లేదు. అగ్నినక్షత్రం ఎండలు మొదలవకముందే ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇలాంటి కుక్కల్ని పెంచుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.

---

సుబ్బు_మారతహళ్లి · బెంగళూరు

మా ఇంట్లో ఉన్నది షిట్జు, పామరేనియన్ కలిసింది. పేరు లడ్డూ. అది కూడా గుర్రుమంటుందండీ, తొమ్మిదేళ్లుగా బాగానే ఉంది. భయపడకండి. ఒక్కోసారి నిలబడి మెడ చాచి ముక్కుతో గర్ గర్‌మని లోపలికి లాక్కుంటుంది, నిమిషంలో తగ్గిపోతుంది. మా అత్తయ్య గారు గదిలో కాస్త వాము, కర్పూరం పొగ వేస్తారు, ఊరట వస్తుందని. మీరూ చేసి చూడండి.

---

పశువైద్యుడు_పెరంబూరు · చెన్నై

జున్నువాళ్లమ్మ గారూ, నేను చదివింది వేపేరి పశువైద్య కళాశాలలో, ప్రాక్టీసు పెరంబూరులో. కుక్కని చూడకుండా జబ్బు తేల్చి చెప్పను గానీ, మీరు రాసినవి బరువుతో సరిపెట్టుకునే లక్షణాలు కావు. బొమ్మ నోట్లో పెట్టుకుని నిద్రపోవడం, ఉలిక్కిపడి లేవడం, తిన్నది వెనక్కి రావడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే గాలి దారి ఇరుకుగా ఉందని అనుమానించాలి. నోరు మూతపడితే ముక్కుతో సరిపడా గాలి అందడం లేదు. అందుకే నోరు తెరిచి ఉండేలా బొమ్మని అడ్డం పెట్టుకుంటోంది. నిద్ర మత్తులో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోయినప్పుడు ఉలిక్కిపడుతుంది.

సుబ్బు గారూ, పొగ మాత్రం వద్దండీ, గట్టిగానే చెబుతున్నాను. కర్పూరం కుక్కలకి విషం. సాంబ్రాణి, అగరొత్తి పొగ కూడా ఇరుకు గొంతుని ఇంకా వాచేలా చేస్తుంది. మీ లడ్డూ నిలబడి లోపలికి లాక్కోవడాన్ని రివర్స్ స్నీజింగ్ అంటారు. అప్పుడప్పుడు వచ్చి తగ్గిపోతూ, చిగుళ్లు గులాబీరంగులోనే ఉంటే కంగారు అక్కర్లేదు. జున్ను సంగతి వేరు.

ఇక మిక్స్ మాట. ఇందులో సగమే నిజం. తల్లి, తండ్రి రెండు వైపులా దాగి ఉండి, రెండూ కలిస్తేనే బయటపడే లోపాలు మిక్స్‌లో తగ్గుతాయి. మూతి పొడవు అలాంటిది కాదు. పొట్టి మూతి, పొడుగు మూతి కుక్కలు కలిస్తే పిల్లలకి మామూలుగా మధ్యరకం మూతి వస్తుంది. స్మాక్-2 అనే జన్యువు దగ్గర ఉన్న ఒక మార్పు, జాతుల మధ్య మూతి పొడవు తేడాలో దాదాపు 36 శాతానికి కారణమని 2017లో తేలింది. ఆ మార్పు ఒక వైపు నుంచే వస్తే కొంత ప్రభావం, రెండు వైపుల నుంచీ వస్తే పూర్తి ప్రభావం. అందుకే మిక్స్‌ని తీసుకెళ్లి మళ్లీ పగ్‌తోనే జత కలిపితే, పుట్టిన వాటిలో కొన్నిటికి అచ్చం పగ్ ముఖమే వస్తుంది. అమ్మేవాళ్లు మాత్రం దాన్ని కూడా మిక్స్ అనే పేరుతోనే అమ్ముతారు.

పొట్టి ముఖంతో అసలు చిక్కు ఏమిటంటే, ఎముక కురచబడినంతగా లోపలి మాంసం కురచబడదు. అంగిలి వెనక మెత్తటి భాగం పొడుగ్గా మిగిలిపోయి గొంతులోకి వేలాడుతుంది. ముక్కు లోపలి మడతలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. ముక్కుపుటాలు గుండ్రంగా తెరుచుకోక సన్నని గీతల్లా ఉంటాయి. ఏళ్ల తరబడి అంత బలంగా గాలి లాక్కుంటూ ఉంటే స్వరపేటిక పక్కనుండే చిన్న సంచులు బయటికి తిరగబడతాయి, ఆఖరికి స్వరపేటికే కుంగిపోతుంది. మొత్తాన్ని కలిపి బోయాస్ అంటాం. అన్నం వెనక్కి రావడం కూడా దీనితో ముడిపడినదే. ఊపిరి కోసం ఛాతీ అంత గట్టిగా పీలుస్తుంటే జీర్ణాశయం పైభాగం కూడా పైకి లాగబడుతుంది.

మీరు ఇంట్లోనే ఒకటి కొలిచి చూడొచ్చు. దర్జీ టేపు తీసుకుని ముక్కు కొస నుంచి కళ్ల మధ్య పల్లం దాకా ఒక కొలత, ఆ పల్లం నుంచి తల వెనక గుబ్బ దాకా ఇంకో కొలత. మొదటిది రెండోదానిలో సగం కంటే తక్కువైతే ఈ జబ్బు అవకాశం పెరగడం మొదలవుతుందని 2015లో ఇంగ్లండ్‌లో జరిగిన పరిశోధన చెప్పింది. మెడ లావు, ఒళ్లు ఉంటే ఇంకా పెరుగుతుంది. జాతి పేరు పక్కన పెట్టి ఆ కొలత, ముక్కుపుటాల ఫొటో ఇక్కడ పెట్టండి.

---

జున్నువాళ్లమ్మ · వేళచ్చేరి, చెన్నై

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్ అండీ. కొలిచాను. మూతి 3 సెంటీమీటర్ల కంటే కొంచెం ఎక్కువ, తల 10. ఫొటో పెట్టాను. కుడి ముక్కుపుటం కొంచెం తెరిచి ఉంది, ఎడమది గీతే.

---

ఫోస్టరక్క · బాణసవాడి, బెంగళూరు

జున్నువాళ్లమ్మా, నేను వదిలేసిన కుక్కల్ని ఇంట్లో పెట్టుకుని, మంచి ఇల్లు దొరికేదాకా చూసుకుంటాను. వాటిలో సగం పగ్ క్రాసులు, షిట్జు క్రాసులే. 2003లో హచ్ అనే మొబైల్ కంపెనీ ప్రకటనలో పగ్ కనిపించాక ఆ ముఖం మీద మన జనానికి కలిగిన మోజు ఇప్పటికీ తీరలేదు. మోజు తీరినవాళ్లు వదిలేసినవి నా దగ్గరికి వస్తాయి.

నేను నేర్చుకున్న పని ఒకటి చెబుతాను. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఫోనులో వీడియోలు తీయండి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఒకటి, తింటున్నప్పుడు ఒకటి, నడిచి వచ్చిన వెంటనే ఒకటి. శబ్దం తప్పకుండా రికార్డవ్వాలి. టీవీ, ఫ్యాను కట్టేయండి. క్లినిక్ బల్ల మీద కుక్క భయంతో బిగుసుకుంటుంది, రోజూ మన ఇంట్లో వినిపించే శబ్దం అక్కడ వినిపించదు. నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటుందో కూడా లెక్కపెట్టి రాసుకోండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. 30 లోపు ఉండాలి. రోజూ దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు కూడా చూపించాలి.

కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్లు పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బుల్‌డాగ్ కోసం ఒక పరీక్ష తయారు చేశారు. కుక్క గొంతు దగ్గర స్టెతస్కోపు పెట్టి వింటారు, 3 నిమిషాలు చురుగ్గా నడిపిస్తారు, మళ్లీ వింటారు. 0 నుంచి 3 దాకా గ్రేడు ఇస్తారు. మిక్స్ కుక్కల కోసం చేసింది కాదు గానీ పద్ధతి మనకీ పనికొస్తుంది. మీ డాక్టర్ని నడకకి ముందు, తర్వాత గొంతు వినమని అడగండి. విననంటే ఇంకో డాక్టర్ని చూసుకోండి, మొహమాటపడకండి. ఇంట్లో మీరే పరుగెత్తించి చూడొద్దు.

కాలర్ ఉంటే ఈ రోజే తీసేయండి. ఛాతీకి తొడిగే హార్నెస్ కొనండి. మెడ మీద బిగువు పడితే ఊపిరికీ కష్టం, ఉబ్బెత్తు కళ్లకీ కష్టం.

---

చిత్తూరబ్బాయి · హెబ్బాళ, బెంగళూరు

అక్క చెప్పింది కరెక్ట్. నాది పగ్, బీగిల్ క్రాసు. దానికి ఊపిరి బాగుండాది, కన్నే తంటా. పోయిన సంవత్సరం గోడ పక్కన గడ్డిలో దూరి వచ్చినాక ఒక కన్ను మూసుకునే ఉన్నింది. పొద్దునకి గుడ్డు మీద తెల్ల మచ్చ. ఇక్కడ హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపిస్తే ఆరెంజి రంగు మందు వేసి నీలం లైటు పెట్టినారు. పుండు ఉన్న చోట పచ్చగా మెరిసింది. వెంటనే పోయినందుకు కన్ను దక్కిందని చెప్పినారు. ఇప్పటికీ చిన్న మచ్చ ఉండాది.

సార్, ఒక డౌటు. ఇంట్లో మన కంటికి వాడే చుక్కలుంటే అర్జంటుకి వేయొచ్చా?

---

పశువైద్యుడు_పెరంబూరు · చెన్నై

మంచి ప్రశ్న బాబూ. వేయొద్దు. మనుషుల కంటి చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. కార్నియా, అంటే కనుగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే పుండు మానకపోగా లోతుకి తినేస్తుంది, ఒక్కోసారి గుడ్డు చిల్లు పడుతుంది. మందు కలపని కృత్రిమ కన్నీటి చుక్కలు వేసి, కాలితో గోక్కోకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ కోన్ కట్టి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుక్క ఒక కన్ను మూసుకుని ఉందంటే రేపటిదాకా ఆగకూడదు.

పొట్టి ముఖం కుక్కలకి కంటి గుంట లోతు తక్కువ. గుడ్డు ముందుకి వచ్చి ఉంటుంది, రెప్ప పూర్తిగా మూతపడదు, కొన్నిటికి నిద్రలో కూడా సందు ఉంటుంది. దానికితోడు కన్నీరు తగ్గితే పొర ఎండిపోయి గరుకెక్కుతుంది. పగ్ రక్తం ఉన్నవాటికి ముక్కు వైపు రెప్ప లోపలికి మడతపడి, ఆ వెంట్రుకలు గుడ్డుకి రాసుకుంటూ ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ్నుంచి నల్లటి పొర పాకి చూపు కమ్మేస్తుంది. జున్నుకి ఎడమ కన్ను ఒక్కటే తడిగా ఉందంటున్నారు కాబట్టి షిర్మర్ టెస్ట్ చేయించండి. సన్నని కాగితం పట్టీ రెప్ప కింద నిమిషంసేపు ఉంచుతారు, 15 మిల్లీమీటర్లు ఆ పైన తడిస్తే మంచిది. తడిగా కనిపించే కంట్లో కూడా మంచి కన్నీరు తక్కువ ఉండొచ్చు, బయటికి కారేది జిగురే అయి ఉండొచ్చు.

షిట్జు, లాసా కలిసిన కుక్కలు ఉన్నవాళ్లు వాటి ముక్కు పైన వెంట్రుకలు కత్తిరించుకుంటూ ఉండండి. ఇంకొకటి. పెద్ద కుక్క మెడ పట్టుకుని విదిలించినా, పిల్లలు మెడ దగ్గర గట్టిగా లాగినా ఈ కుక్కల కనుగుడ్డు గుంటలోంచి బయటికి రావచ్చు. వస్తే వెనక్కి నెట్టొద్దు. శుభ్రమైన తడిగుడ్డ కప్పి ఆసుపత్రికి పరుగెత్తండి. గంటలు కూడా లెక్కే అక్కడ.

---

టీనగర్_తాతయ్య · చెన్నై

నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే, నెల్లూరు నుంచి మా నాన్నగారు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో ఎప్పుడూ కుక్క ఉండేది. ఎండ గురించి నాలుగు మాటలు చెబుతాను, అమ్మాయికి పనికొస్తాయి.

కర్తరి, అదే మీరన్న అగ్నినక్షత్రం, మే 4న వస్తుంది, 28 దాకా ఉంటుంది. ఈ ఊరు 2003 మే 31న 45 డిగ్రీలు చూసింది. అయితే కుక్కకి ఆ డిగ్రీల కంటే సముద్రపు ఉక్క ప్రమాదం. మనకి చెమట పడుతుంది, కుక్కకి నాలుక మీది తడి ఆరితేనే ఒంటి వేడి దిగుతుంది. గాలిలోనే నీళ్లుంటే నాలుక తడి ఎక్కడ ఆరుతుంది? అందుకే ఇక్కడ నీళ్ల కూలర్ కొని లాభం లేదు, గదిలో ఇంకా ఉక్క పెంచుతుంది. ఏసీ ఉంటే ఏసీ, లేకపోతే నేల మీద ఫ్యాను. సాయంత్రం ఆరింటికి మీ వేళచ్చేరిలో సిమెంటు రోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది తల్లీ. అరచేయి వెనక వైపు రోడ్డు మీద ఆనించి చూడు, నీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. తెల్లవారకముందే నడిపించు. సాయంత్రం ఇంట్లోనే ఆడించు.

కరెంటు పోయినప్పుడు పనికొచ్చేది ఇంకోటి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్లు పొంగే వేడి. కొళాయి తిప్పి కుక్క మీద పోస్తే కాలుతుంది. పొద్దున్నే రెండు బకెట్లు పట్టి స్నానాలగదిలో నీడన పెట్టుకో.

---

పశువైద్యుడు_పెరంబూరు · చెన్నై

తాతయ్య గారి బకెట్ మాట అందరూ రాసి పెట్టుకోండి. ప్రతి మేలోనూ నా దగ్గరికి వచ్చే వడదెబ్బ కేసుల్లో దారిలోనే చనిపోయేవి ఉంటాయి. ఇంట్లోనే చల్లబరచడం మొదలుపెట్టి ఉంటే వాటిలో కొన్నయినా బతికేవని నా నమ్మకం.

ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం మొదలు, 106 దగ్గర కిడ్నీ, పేగులు, మెదడు దెబ్బతింటాయి. పొట్టి ముఖం కుక్క ఆయాసపడే కొద్దీ గొంతు వాస్తుంది, వాచే కొద్దీ దారి ఇంకా మూసుకుంటుంది, ఊపిరి కోసం పడే ఆ పాటే ఒంట్లో ఇంకా వేడి పుట్టిస్తుంది. అందుకే వాటికి అంతా నిమిషాల్లో అయిపోతుంది. రొప్పడం గరగరగా మారినా, నాలుక ఎర్రగానో ఊదాగానో తిరిగినా, జొల్లు చిక్కగా తీగలు సాగినా, తూలినా ఇంక ఫోన్లు చేస్తూ కూర్చోకండి. నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల సందుల్లో పోస్తూ ఫ్యాను పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే కాసేపటికి అదే దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది, పోయడమే మేలు. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. థర్మామీటర్ ఉంటే మలద్వారంలో పెట్టి చూసి 103.5కి దిగగానే ఆపండి. తర్వాత లేచి తిరిగినా సరే ఆసుపత్రికి తీసుకురండి. రక్తం గడ్డకట్టకపోవడం, కిడ్నీ చెడటం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడతాయి.

బెంగళూరు వాళ్లు 900 మీటర్ల పైన ఉన్నామని ధీమాగా ఉండొద్దు. 2016 ఏప్రిల్లో అక్కడా 39.2 డిగ్రీలు నమోదైంది. పైగా చాలా ఇళ్లలో ఏసీ ఉండదు, పై అంతస్తు రేకుల గదిలో కుక్కని కట్టి ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఉన్నారు.

---

సుబ్బు_మారతహళ్లి · బెంగళూరు

డాక్టర్ గారూ, పొగ ఆపించేశాం. అత్తయ్య గారికి మీ పోస్టు చదివి వినిపించాను. తిండి సంగతి కూడా చెప్పండి. మా లడ్డూకి మూడు పూటలా పెరుగన్నం, మధ్యలో మారీ బిస్కెట్లు. లావయిందని తెలుసు, తగ్గించాలంటే అడుక్కుంటుంది, ఇంట్లో ఎవరికీ మనసు రాదు.

---

ఫోస్టరక్క · బాణసవాడి, బెంగళూరు

సుబ్బు గారూ, పెరుగన్నం విషం కాదు. కానీ మూడు పూటలా అదే అయితే మాంసకృత్తులు చాలవు, బియ్యం మాత్రం ఒంటికి చేరుతుంది. ఉడికించిన చికెన్‌గానీ గుడ్డుగానీ ఎక్కువ, అన్నం తక్కువ, గుమ్మడి, క్యారెట్, బీన్స్ కొంచెం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. రోజూ ఇంటి తిండే పెడితే కాల్షియం లాంటివి ఎంత కలపాలో డాక్టర్ని అడగాలి. బిస్కెట్ల బదులు కీరదోస ముక్కలు ఇవ్వండి, నమిలే సరదా తీరుతుంది. పక్కటెముకల మీద వేళ్లు పెట్టి చూడండి, నొక్కకుండానే ఎముకలు తగలాలి. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి. ఊలు ఎక్కువ ఉన్న కుక్కల్లో కళ్లకి తెలీదు, చేతికే తెలుస్తుంది. అన్నం వెనక్కి వచ్చేవాటికి రోజుకి నాలుగు చిన్న భాగాలుగా పెడితే నయం.

ముఖం మడతలు మర్చిపోతుంటారు అందరూ. ముక్కు పైన మడత వేలితో విప్పి చూడండి, ఎర్రగా ఉండి పులిసిన వాసన వస్తే ఫంగస్ చేరిందన్నమాట. క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ కలిసిన పెట్ వైప్‌తో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో పూర్తిగా ఆర్చాలి, కంట్లోకి పోకుండా. కొబ్బరినూనె రాయొద్దు, తడి ఇంకా నిలుస్తుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలప్పుడు రోజూ చూడాలి.

---

చిత్తూరబ్బాయి · హెబ్బాళ, బెంగళూరు

నోట్లో పండ్లు కూడా తంటానే సార్. మావాడికి కింద వరసలో రెండు పండ్లు అడ్డంగా తిరిగి ఉండాయి. నోరు వాసన.

---

పశువైద్యుడు_పెరంబూరు · చెన్నై

దవడ ఎంత చిన్నదైనా పళ్లు 42 రావాల్సిందే. చోటు లేక అడ్డం తిరుగుతాయి, సందుల్లో పాచి ఇరుక్కుంటుంది. కుక్కల టూత్‌పేస్టుతో వేలిబ్రష్ అలవాటు చేయండి, మనుషులది వాడొద్దు. వేరే ఏ ఆపరేషన్‌కో మత్తు ఇచ్చినప్పుడు పళ్లు కూడా చూసేయమని చెప్పండి.

తోక గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. మన ఇండీ కుక్కల తోక చుట్టుకోవడం సహజం, జున్నుకి అది తండ్రి నుంచి వచ్చి ఉండొచ్చు. పట్టుకుంటే మెత్తగా సాగితే దిగుల్లేదు. ఎముక వంకరగా బిగిసి ఉంటే వెన్నుపూసలు కూడా చూడాలి. వెనక కాళ్ల గోళ్లు నేలకి రాసుకుని అరిగిపోతున్నా, పాదం మడతపెట్టి నడుస్తున్నా ఎక్స్‌రే తీయించండి.

---

జున్నువాళ్లమ్మ · వేళచ్చేరి, చెన్నై

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వీడియోలు పట్టుకుని వేపేరి ఆసుపత్రికి వెళ్లాం. గొంతు విన్నారు, నడిపించి మళ్లీ విన్నారు. ముక్కుపుటాలు ఇరుకు, అంగిలి పొడుగు ఉండొచ్చు, మత్తు ఇచ్చాకే లోపల చూసి ఖాయం చేస్తాం, అదే మత్తులో సరిచేస్తాం అన్నారు. కన్నీటి పరీక్షలో ఎడమ కంటికి 9 మిల్లీమీటర్లే వచ్చింది. పుండు లేదు. లేపనం రాశారు, జీవితాంతం వాడాల్సి రావచ్చట. తోక మామూలుదే.

ఆపరేషన్ అంటే ఇంట్లో భయపడుతున్నారు. మా మామగారు, ఇంత చిన్న ప్రాణికి కోత ఎందుకు, ఎండాకాలం ఏసీలో పెడితే సరిపోదా అంటున్నారు. ఏం చెప్పమంటారు?

---

పశువైద్యుడు_పెరంబూరు · చెన్నై

మామగారి భయంలో అర్థం ఉందమ్మా. ఈ కుక్కలకి మత్తు అందరికంటే జాగ్రత్తగా ఇవ్వాలి. కానీ ఆలస్యానికీ ధర ఉంటుంది. అంగిలిని చిన్నది చేయొచ్చు, ముక్కుపుటాల్లోంచి చిన్న ముక్క తీసి తెరవొచ్చు. స్వరపేటిక కుంగిపోయాక మాత్రం దాన్ని మునుపటిలా చేయలేం. రెండేళ్ల వయసు ఇందుకు మంచి వయసే.

సర్జన్ని మొహమాటం లేకుండా అడగండి. మత్తుకి ముందు మాస్కుతో ఆక్సిజన్ ఇస్తారా, పూర్తిగా తెలివొచ్చి తల ఎత్తేదాకా గొంతులో గొట్టం ఉంచుతారా, ఆ రాత్రి దాని పక్కన మనిషి ఉంటారా. కోత తర్వాత మొదటి 24 గంటలే గొంతు వాచే ప్రమాదం ఎక్కువ. సాయంత్రమే ఇంటికి పంపేస్తాం అనే చోట వద్దు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తప్పక చూపించండి. మన రెండు ఊళ్లలోనూ పిడుదుల వల్ల టిక్ ఫీవర్ విపరీతం, పైకి హుషారుగా ఉన్న కుక్కలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. అలా ఉంటే ముందు దానికి మందు, తర్వాతే కోత. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా అదే మత్తులో కుదురుతుందేమో అడగండి. పొట్టి ముఖం తల్లులకి కాన్పు కష్టం, పిల్లల తల పెద్దది, చాలాసార్లు సిజేరియనే దిక్కు.

---

టీనగర్_తాతయ్య · చెన్నై

మీ మామగారికి నా మాటగా చెప్పమ్మా. ఏసీ గదిలో మే దాటుతుంది, సరే. రాత్రి నిద్ర ఎలా దాటుతుంది? ఊపిరి అందక లేచి కూర్చునే జీవిని చూస్తూ మనం ఎలా నిద్రపోతాం? డబ్బు గురించి అయితే ముందే అంచనా రాయించుకోండి.

ఇంకో మాట అందరికీ. 2024లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపక విధానంలో, ఇక్కడి వాతావరణానికి పనికిరావని పిల్లలు తీయించకూడదన్న జాతుల్లో పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు పుర్రె పొడవులో మూడో వంతు కూడా లేని కుక్కల్ని 2019 నుంచి జత కట్టనివ్వడం లేదు. మన దగ్గర మాత్రం ఫోనులో ఫొటోలు పెట్టి పగ్ మిక్స్, ఆరోగ్యానికి గ్యారంటీ అని అమ్ముతున్నారు. తల్లినీ తండ్రినీ చూపించని చోట కొనకండి. ఆసరా లేని కుక్కలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒకదాన్ని తెచ్చుకోండి.

---

ఫోస్టరక్క · బాణసవాడి, బెంగళూరు

తాతయ్య గారూ, మీ మాటకి నా పూర్తి మద్దతు. ఒక్కటి కలుపుతాను. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు దీన్ని చదివి బాధపడొద్దు. ముఖం అలా పుట్టడం దాని తప్పు కాదు, మీ తప్పూ కాదు. దానికి ఊపిరి ఆడేలా చూసుకోండి, అంతే.

---

జున్నువాళ్లమ్మ · వేళచ్చేరి, చెన్నై

ఆపరేషన్ అయింది. రక్తపరీక్ష బాగానే వచ్చింది. రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. మెత్తటి తిండి, అరుపులు, పరుగులు లేకుండా చూసుకున్నాం. గురక పూర్తిగా పోలేదు, పోదని ముందే చెప్పారు. కానీ ఇప్పుడు నోరు మూసుకుని, పక్కకి తిరిగి తెల్లారేదాకా పడుకుంటోంది. అన్నం వెనక్కి రావడం బాగా తగ్గింది. మా మామగారే తెల్లవారుజామున నడకకి తీసుకెళ్తున్నారు.

---

సుబ్బు_మారతహళ్లి · బెంగళూరు

చాలా సంతోషం అండీ. లడ్డూని కూడా చూపించాను, ఊపిరి పర్వాలేదు, ఒళ్లు తగ్గించమన్నారు. ఇంకో సంగతి. మే నెలలో పెళ్లికి విజయవాడ వెళ్లాలి. విమానంలో తీసుకెళ్లొచ్చా, రైలా, కారా?

---

పశువైద్యుడు_పెరంబూరు · చెన్నై

విమానంలో సామాను అరలో వద్దే వద్దు. పొట్టి ముఖం కుక్కల్ని చాలా విమాన సంస్థలు అక్కడ తీసుకోవు కూడా. రైలైతే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేగానీ నాలుగు బెర్తుల క్యాబిన్‌గానీ మొత్తం మీ పేరు మీద ఉంటేనే కుక్కని వెంట ఉంచుకోనిస్తారు. టికెట్ తీసుకున్నాక పార్సిల్ ఆఫీసులో దానికి విడిగా బుక్ చేయించాలి, టీకాల కాగితాలు దగ్గర ఉంచుకోండి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో ఒప్పుకోరు. గార్డు పెట్టె పక్కనుండే కుక్కల డబ్బాలో మాత్రం మే నెలలో లడ్డూని పెట్టకండి. కూపే దొరక్కపోతే కారులో రాత్రి బయల్దేరండి, ఏసీ ఆపకుండా. బండి ఆపినప్పుడు ఒక మనిషి లోపలే ఉండాలి, అయిదు నిమిషాలకైనా సరే. నిద్రమందులు ఇచ్చి తీసుకెళ్లొద్దు, గొంతు కండరాలు వదులైపోతాయి. ఇవేవీ కుదరకపోతే బెంగళూరులోనే తెలిసినవాళ్ల ఇంట్లో దింపి వెళ్లండి.

---

ఫోస్టరక్క · బాణసవాడి, బెంగళూరు

సుబ్బు గారూ, తేదీలు చెప్పండి. మా ఇంట్లో చోటుంది, ఏసీ గది కూడా ఉంది. బిస్కెట్లు మాత్రం పంపకండి.